లామినేషన్ చేయించిన మందుల చీటీ

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఒక సాయంత్రం పెద్దవారి కోసం ఏర్పాటైన సమావేశంలో, ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) బోధించి పదవీ విరమణ చేసిన ఒక వైద్యురాలి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవారికి నా మాట వినబడుతోందా? ఆ మూల ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ. ఈ ఉక్కపోతలో ఫ్యాను తగ్గించమనడం అన్యాయమే గాని, నా గొంతు దాని చప్పుడును దాటి రావడం లేదు. సరే, ఇప్పుడు బాగుంది.

నెల రోజుల కిందట మా వీధిలో ఉండే ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చారు. పోర్టులో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. కూర్చోగానే చొక్కా జేబులోంచి మందుల చీటీ తీసి నా చేతికిచ్చారు. అది లామినేషన్ చేయించి ఉంది. ఆధార్ కార్డుకు చేయించినట్టు, నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి మరీ. "కాగితం మడతల దగ్గర చిరిగిపోతోందమ్మా, నెలనెలా మందుల షాపులో చూపించాలి కదా" అన్నారు. ప్లాస్టిక్ కింద సిరా వెలిసిపోయింది గాని తేదీ చదవగలిగాను. నాలుగేళ్ల కిందటిది. ప్రెగాబాలిన్ 75 మిల్లీగ్రాములు, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. అరికాళ్ల మంటలకు రాసిచ్చారు. "మొదట్లో ఇది వేసుకుంటే కన్ను మూసి తెరిచేసరికి తెల్లవారేది. ఇప్పుడు నిద్ర పడుతోంది గాని, నిద్రపోయినట్టు ఉండటం లేదు. ఇంకొకటి పెంచమంటారా?" అని అడిగారు.

నిద్ర పడుతోంది, నిద్రపోయినట్టు లేదు. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆయన అన్న ఈ మాట గురించే.

ముందు ఒక సంగతి అడుగుతాను. ప్రెగాబాలిన్ గాని, గాబాపెంటిన్ గాని వాడుతున్నవారు చేతులెత్తండి. ఆరు చేతులు కనబడుతున్నాయి. ఇప్పుడు ఇంకో ప్రశ్న. 'నరాల బలానికి మాత్ర' అని ఏదైనా వాడుతున్నవారు? చూశారా, ఇరవైకి తగ్గకుండా లేచాయి. మన దేశంలో ఈ మందును విడిగానే కాదు, మిథైల్‌కోబాలమిన్‌తో, అంటే బీ-12 విటమిన్‌తో కలిపి ఒకే మాత్రగా కూడా అమ్ముతారు. కొన్నింటిలో డిప్రెషన్‌కు వాడే నార్‌ట్రిప్టిలిన్ కూడా కలుస్తుంది. అందులో విటమిన్ ఉందని ఎవరో చెబుతారు, మనం బలం మందు అనుకుంటాం. ఇంటికి వెళ్లాక అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి. చదవలేకపోతే మనవడి చేత చదివించండి. అక్కడ ప్రెగాబాలిన్ అనో గాబాపెంటిన్ అనో ఉంటే మీరు వేసుకుంటున్నది మెదడు మీద, నిద్ర మీద పనిచేసే మందు. తగిన జబ్బుకు, తగిన మోతాదులో అది చాలా మంచి మందు. దాన్ని తిట్టడానికి నేను ఇక్కడికి రాలేదు. దాని వల్ల నేనే బతికి బయటపడ్డాను, ఆ కథ తరువాత చెబుతాను.

గాబాపెంటిన్ మొదట మూర్ఛ మందు. 1993లో అమెరికాలో అనుమతి వచ్చింది అందుకే. ఒంటి మీద పొక్కులు లేచే సర్పి జబ్బు తగ్గిన తరువాత మిగిలిపోయే నొప్పికి వాడవచ్చని 2002లో అన్నారు. దాని చెల్లెలు లాంటి ప్రెగాబాలిన్‌కు 2004 చివర అనుమతి దొరికింది, మధుమేహం వల్ల వచ్చే నరాల నొప్పికి, సర్పి నొప్పికి. మెదడును శాంతపరిచే గాబా అనే పదార్థం పోలికలో వీటిని తయారు చేశారు. పేరులో గాబా ఉంది కూడా. అయితే గాబా పనిచేసే చోట ఇవి అసలు అతుక్కోవు. నరం కొసన సన్నని ద్వారాలు ఉంటాయి. వాటిలోంచి కాల్షియం లోపలికి వస్తేనే ఆ నరం తన సందేశాన్ని పక్క నరానికి అందిస్తుంది. ద్వారానికి ఆనుకుని ఆల్ఫా-2-డెల్టా అనే ప్రోటీను ఉంటుంది. ఈ మందులు పట్టుకునేది దాన్ని. దెబ్బతిన్న నరం పగలూ రాత్రీ తేడా లేకుండా మంట, మంట అని కబురు పంపుతూనే ఉంటుంది. మందు ఆ కబుర్ల జోరు తగ్గిస్తుంది. వెన్నుపాములో తగ్గిస్తే నొప్పి తగ్గుతుంది. అదే ప్రోటీను మెదడులోనూ ఉంది కనుక అక్కడా జోరు తగ్గుతుంది. మగత, తల తూలడం, మాట కోసం తడుముకోవడం అందువల్లనే.

ఇక నిద్ర. మనం రాత్రంతా ఒకే రకంగా నిద్రపోము. తేలిక నిద్ర, గాఢ నిద్ర, కలల నిద్ర, ఇవి సుమారు గంటన్నరకు ఒక చుట్టు చొప్పున తిరుగుతుంటాయి. గాఢ నిద్ర ఎక్కువగా రాత్రి మొదటి సగంలో, కలల నిద్ర తెల్లవారుజాము వైపు. వయసు మళ్లినకొద్దీ గాఢ నిద్ర తగ్గిపోతుంది. మామూలు నిద్ర మాత్రలు, మన వాళ్లకు బాగా అలవాటైన ఆల్ప్రజోలామ్ లాంటివి, నిద్రపుచ్చుతాయి గాని గాఢ నిద్రను కోసేస్తాయి. ప్రెగాబాలిన్ అలా కాదు. ఆరోగ్యవంతులకు ఒకసారి ఇదీ, ఒకసారి ఆల్ప్రజోలామ్, ఒకసారి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి తలకు తీగలు పెట్టి నిద్రను కొలిచిన అధ్యయనం 2005లో వెలువడింది. ఆల్ప్రజోలామ్ గాఢ నిద్రను తగ్గించింది, ప్రెగాబాలిన్ పెంచింది. మొదటి రోజుల్లో 'ఇన్నాళ్లకు నిద్రపోయాను' అని మీకు అనిపించడంలో భ్రమ ఏమీ లేదు. నొప్పి తగ్గినందువల్ల కొంత, మందు నేరుగా నిద్ర మీద పనిచేసినందువల్ల కొంత, రెండూ కలిసి వస్తాయి.

కానీ ఆ అధ్యయనంలో వాళ్లు మందు వేసుకున్నది మూడు రోజులు. మధుమేహ నొప్పి మీద ఈ మందును పరీక్షించిన ప్రధాన అధ్యయనాలు అయిదు వారాల నుంచి పదమూడు వారాల పాటు జరిగాయి. మా పెద్దాయన చీటీ వయసు నాలుగేళ్లు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం నన్ను కలవరపెడుతోంది. ఆ దూరంలో మందు మారదు. మనిషి మారతాడు.

నా కథ చెబుతానన్నాను. నాకు సర్పి ఎడమ పక్కటెముకల వెంట వచ్చింది. వెన్ను నుంచి రొమ్ము కింద దాకా వడ్డాణం పెట్టినట్టు పొక్కులు. మూడు వారాల్లో అవి మాడిపోయాయి, మంట పోలేదు. నూలు చీర కొంగు తగిలినా నిప్పు రాసినట్టుండేది. పగలు ఏదో ఒక పనిలో పడి మరిచిపోయేదాన్ని. రాత్రి దీపం తీసేసరికి ప్రపంచంలో ఆ మంట తప్ప ఇంకేమీ ఉండేది కాదు. నరాల నొప్పికి రాత్రి అంటే ఎందుకో చాలా ఇష్టం. పైగా ఒక రాత్రి నిద్ర చెడితే మరునాడు నొప్పిని ఓర్చుకునే శక్తి తగ్గుతుంది. ఆ నొప్పి మళ్లీ రాత్రి నిద్రను చెడగొడుతుంది. ఆరు వారాలు అలాగే గడిచాయి.

నా డాక్టరు ప్రెగాబాలిన్ 75 రాత్రి ఒకటి రాశారు. మొదటి రాత్రి వేసుకుని పడుకుంటే, పాల ప్యాకెట్ల అబ్బాయి గంట కొట్టేదాకా మెలకువ రాలేదు. మంచం మీద కూర్చుని ఏడ్చాను, సంతోషంతో. తరువాత వంటింట్లోకి వెళ్లి పాలు పెట్టాను. పాలు పొంగుతున్నాయి. పొంగుతున్నాయని నాకు కనబడుతోంది. చేయి స్టవ్ వైపు వెళ్లడం లేదు. పొంగి, గట్టు మీద నుంచి కారి, నా కాళ్ల దగ్గరకు వచ్చాక కట్టేశాను. నలభై ఏళ్లు పిల్లలకు 'మగత' అనే మాట నల్లబల్ల మీద రాసి చెప్పాను. దాని అర్థం ఆ ఉదయం తెలిసింది.

ఆ పగటి మగత రెండు మూడు వారాల్లో పలచబడింది. చాలామందికి అంతే, మెదడు అలవాటు పడుతుంది. ఈ మొదటి వారాల్లో స్కూటరు తీయకండి. పొద్దున్నే గాజువాక నుంచి బయలుదేరి ఎన్‌ఏడీ కూడలి దాటి ఆఫీసుకు వెళ్లేవారు మీ ఇళ్లలో ఉంటే మరీ గట్టిగా చెప్పండి. రాత్రి మూత్రానికి లేచేవారు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, దీపం వేసుకుని లేవండి. స్నానాల గదిలో జారి తుంటి విరిగిన ముసలమ్మలు నాకు బాగా తెలుసు. ఆ పడటం వెనక ఏ మందు ఉందో అడిగినవారు తక్కువ.

మొదటి నెల దాటాక వచ్చే మార్పులు చడీచప్పుడు లేకుండా వస్తాయి. ఒకటి బరువు. ప్రెగాబాలిన్ కనీసం రెండేళ్లు వాడిన 333 మంది మధుమేహ రోగులను చూస్తే సగటున 5.2 కిలోలు పెరిగారు. ఇది ఆ మందు అధికారిక సమాచార పత్రంలోనే ఉంది. అందరూ పెరగరు, కానీ పెరిగినవారిలో ఆ బరువు పొట్టకే కాదు, మెడకూ చేరుతుంది. మెడ లావైతే పడుకున్నప్పుడు గొంతు దారి ఇరుకవుతుంది, గురక మొదలవుతుంది. గురక ముదిరితే మధ్యలో ఊపిరి ఆగిపోతుంది. పది సెకన్లు, ఇరవై సెకన్లు. రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే మెదడు తట్టి లేపుతుంది. ఒక్క క్షణం మెలకువ, మళ్లీ నిద్ర. అలా రాత్రికి ఎన్నో సార్లు జరిగినా పొద్దున్న ఒక్కటీ గుర్తుండదు. 'నిద్ర పడుతోంది గాని, నిద్రపోయినట్టు లేదు' అంటాడు మనిషి.

నేను ఆ పెద్దాయనను గురక గురించి అడిగితే, "నాకేమీ లేదమ్మా" అన్నారు. మరునాడు వాళ్ల ఆవిడ వచ్చారు. "రెండేళ్లుగా నేను హాల్లో పడుకుంటున్నాను డాక్టరమ్మా, ఆ చప్పుడు ఒక ఎత్తు, అది ఆగిపోయినప్పుడు నాకు గుండె ఆగినంత పని" అన్నారు. పక్కన పడుకున్న మనిషి చెప్పినది రక్తపరీక్షతో సమానం. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాళ్లను తీసుకెళ్లండి.

అలాంటి మనిషికి మాత్ర పెంచితే ఏమవుతుంది? ఊపిరిని కూడా ఈ మందు కొంత మందగింపజేయగలదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019 డిసెంబరులో దీని మీదే హెచ్చరిక జారీ చేసింది: పెద్ద వయసువారు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు, నల్లమందు జాతి నొప్పి మందులు వాడేవారు జాగ్రత్త అని. నల్లమందు జాతి అనగానే మనకు కాదులే అనుకోకండి. మోకాలి నొప్పికి రాసే ట్రమడాల్ ఆ జాతిదే. కొన్ని దగ్గు మందుల్లో ఉండే కోడీన్ ఆ జాతిదే. ఒక డాక్టరు కాళ్ల మంటకు ఒకటి, ఇంకో డాక్టరు మోకాలికి ఇంకొకటి, మూడో ఆయన నిద్రకు ఆల్ప్రజోలామ్ రాస్తారు. మూడు చీటీలూ ఒకే సంచిలో ఉంటాయి, ఒకే బల్ల మీద పరిచి చూసినవారు ఉండరు.

రెండోది కిడ్నీ. ప్రెగాబాలిన్ శరీరంలో దాదాపు ఏ మార్పూ లేకుండా మూత్రంలోనే బయటికి పోతుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఆరు గంటల్లో సగం పోతుంది. కిడ్నీ వడపోత సగానికి పడితే మోతాదూ సగానికి దించాలి. మధుమేహం, రక్తపోటు ఉన్న డెబ్బై ఏళ్ల మనిషిలో నాలుగేళ్లలో వడపోత ఎంతో మారవచ్చు. చీటీ మీద 75 అనే ఉంటుంది. ఒంట్లో మాత్రం అది అంతకు రెట్టింపు పనిచేస్తూ ఉండవచ్చు. పొద్దున్న పది దాటినా తల బరువు, పాదాల వాపు, మాట తడబాటు, ఇవన్నీ ముసలితనం ఖాతాలో రాసేస్తాం. ఆరు నెలలకోసారి క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించండి. అంకె ఒక్కటే చూసి బాగుందనుకోకండి. వయసును బట్టి వడపోత ఎంత ఉందో లెక్కకట్టి చెప్పమని అడగండి.

ఇక్కడ మధుమేహం ఉన్నవారికి ఒక మాట. ఈ మందు మంటను తగ్గిస్తుంది గాని, పోయిన స్పర్శను తిరిగి తేలేదు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచి, కాలి కింద గాయాలు మూడు రోజుల తరువాత మనవరాలు చూస్తే తెలిసిన ఒక భక్తురాలి పాదాలు నేను చూశాను. నొప్పి లేదని ధైర్యంగా నడిచింది. ప్రదక్షిణ మానమని చెప్పను. ఇంటికి రాగానే అరికాళ్లు అద్దంలో చూసుకోండి. చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవారికి బీ-12 తగ్గి కూడా మంటలు రావచ్చు, ఆ పరీక్ష చేయించుకోండి.

ఇక మానడం. మందు మొదలుపెట్టిన ఎనిమిదో నెలలో నేను గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదులో మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. మందుల డబ్బా ఫ్రిజ్ మీద మరిచిపోయాను. నొప్పి అప్పటికి చాలా తగ్గింది, నాలుగు రోజులే కదా అనుకున్నాను. రెండో రాత్రి ఒక్క క్షణం కన్ను మూత పడలేదు. ఒళ్లంతా చెమట, గుండె దడ, కడుపులో తిప్పడం. మూడో రాత్రీ అంతే. జబ్బు తిరగబెట్టిందనుకున్నాను. 'ఈ మాత్ర లేకుండా ఇక నాకు నిద్ర రాదు' అని నిశ్చయించుకున్నాను కూడా. పాఠం చెప్పిన మనిషిని, నాకే ఆ ఆలోచన వచ్చింది. అది జబ్బు కాదు. ఉన్నట్టుండి మందు ఆగిపోతే మెదడు పడే ఇబ్బంది. ఆ ఇబ్బందిని చూసి మాత్ర జీవితాంతం కావాలని తీర్మానించుకున్నవారు ఎంతమందో! కనీసం వారం రోజులు తగ్గిస్తూ మానాలని సమాచార పత్రం చెబుతుంది. నెలల తరబడి వాడినవారికి డాక్టర్లు ఇంకా నెమ్మదిగా, వారాల పాటు తగ్గిస్తారు. నేను 75 నుంచి 50కి, 50 నుంచి 25కి, ఒక్కో మెట్టు మీద మూడు వారాలు ఆగాను. మెట్టు దిగిన ప్రతిసారీ రెండు మూడు రాత్రులు పలచని నిద్ర, ఆ తరువాత సర్దుకుంది. పాల లెక్క రాసే గోడ క్యాలెండర్ మీదే రాసుకున్నాను: ఎన్నింటికి పడుకున్నాను, ఎన్నిసార్లు లేచాను, మంట పదికి ఎంత. పాల ప్యాకెట్లు రెండు, మెలకువలు మూడు, మంట నాలుగు. ఆ కాగితాలు చూశాకే నా డాక్టరు తరువాతి మెట్టు చెప్పేవారు.

మధ్యలో ఎవరో చేయి ఎత్తారు, చెప్పండమ్మా. తగ్గించడానికి రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని అడుగుతున్నారు. వద్దు. ఆరు గంటల్లో సగం పోయే మందు ఇది. రోజు విడిచి రోజు అంటే రెండో రోజంతా ఒంట్లో మందు దాదాపు ఉండదు, రోజు మార్చి రోజు హఠాత్తుగా మానినట్టే. తక్కువ మోతాదు గొట్టం మాత్రలు ఉన్నాయి, అవి రాయమని అడగండి. నొప్పి ఇంకా ఉన్నవారు మానాలని పట్టుబట్టవద్దు కూడా. ఆరేళ్లుగా అవసరమై వాడుతూ హాయిగా ఉన్నవారు ఉన్నారు. 'ఇది ఇంకా నా నొప్పి కోసమేనా, లేక అలవాటైన నిద్ర కోసమా' అని మూడు నెలలకోసారి డాక్టరుతో కలిసి తేల్చుకోండి చాలు.

అయ్యా, మీరు? వేసుకునే వేళ గురించా. ఖాళీ కడుపుతో వేసుకుంటే ప్రెగాబాలిన్ గంటన్నరకు రక్తంలో గరిష్ఠానికి చేరుతుంది, అన్నంతో అయితే మూడు గంటలు పడుతుంది. తొమ్మిదింటికి భోజనంతో పాటు వేసుకుని, తొమ్మిదిన్నరకే నిద్ర రాలేదని ఇంకొకటి వేసుకోకండి. గాబాపెంటిన్ వాడేవారు కడుపు మంటకు తాగే తెల్లని, గులాబీ రంగు మందులకూ దీనికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి, లేకపోతే ఒంటికి పూర్తిగా పట్టదు. మద్యమా? ఈ మందు వేసుకునే రాత్రి ఒక్క చుక్క కూడా వద్దు. పండగ అయినా, పెళ్లి అయినా.

మా పెద్దాయన సంగతి అడుగుతున్నారు. ఆయన పాత డాక్టరు దగ్గరికే వెళ్లారు, భార్యను వెంటబెట్టుకుని. వడపోత తగ్గిందని తేలింది. ఉదయం మాత్ర తీసేశారు, నిద్రలో ఊపిరి పరీక్ష రాశారు, వచ్చే వారం చేస్తారు. కొత్త చీటీ నాకు చూపించడానికి తెచ్చారు. దాన్ని లామినేషన్ చేయించవద్దని, మూడు నెలల తరువాత పనికిరాకపోవచ్చని చెప్పాను. ప్లాస్టిక్ సంచిలో పెట్టుకున్నారు.

ఇప్పుడు మీలో చీటీలు, మాత్రల అట్టలు తెచ్చుకున్నవారు ఈ బల్ల దగ్గరికి రండి. అన్నీ ఒకేసారి పరచండి, ఏదీ సంచిలో దాచకండి. నా కళ్లద్దాలు తెచ్చుకున్నాను, గ్రంథాలయం మూసేదాకా ఉంటాను.